జాతీయ వైద్య విద్యా సంస్థలో విద్యార్థికి కుర్చీ ఒక్కటే చాలునా, ఓటు కూడా కావాలా?

ఉదయసముద్రం (హౌస్ సర్జన్సీ పూర్తయిన వైద్యుడు, నల్లగొండ)

దేశం మొత్తానికి వర్తించే వైద్య విద్యా నిర్ణయాలు జరిగే చోట, ఆ చదువు చదువుతున్నవారికి స్థానం ఉండాలా అన్న ప్రశ్నను ఇక్కడ చర్చకు పెడుతున్నాను.

అమెరికాలో వైద్య కళాశాలల సంఘం 1876లో ఏర్పడింది. ఆ తరువాత చాలా దశాబ్దాల పాటు అది ప్రధానంగా డీన్ల సంఘంగానే నడిచింది. 1965లో వెలువడిన కాగెషాల్ నివేదిక సంఘం పరిధి విస్తరించాలని సూచించిన తరువాత బోధనాసుపత్రులకూ, అధ్యాపకుల విద్వత్ సంఘాలకూ అందులో చోటు దక్కింది. 1971లో విద్యార్థి ప్రతినిధుల విభాగం ఏర్పడింది. అంటే సంఘం పుట్టిన తొంభై అయిదేళ్లకు గాని విద్యార్థి అక్కడికి చేరలేదు. ఆలస్యమైనా చేరాడు.

మన దగ్గర భారత వైద్య మండలి స్థానంలో జాతీయ వైద్య కమిషన్ 2020 సెప్టెంబర్ 25న పని మొదలుపెట్టింది. కమిషన్‌లో అధ్యక్షుడితో కలిపి 33 మంది సభ్యులు. వారిలో విద్యార్థికి కేటాయించిన స్థానం ఒక్కటి కూడా లేదు.

ఈ మాట నల్లగొండ నుంచి ఎందుకు ఎత్తుతున్నానంటే, 2019లో నల్లగొండ, సూర్యాపేట ప్రభుత్వ వైద్య కళాశాలలు చెరి 150 సీట్లతో మొదలయ్యాయి. సీబీఎంఈ అని మనం పిలుచుకునే సామర్థ్య ఆధారిత పాఠ్య ప్రణాళిక కూడా దేశమంతటా ఆ ఏడాది చేరినవారితోనే మొదలైంది. ఆపైన నెక్స్ట్, అంటే ఎంబీబీఎస్ చివర దేశమంతటికీ ఒకటిగా పెట్టదలచిన అర్హత పరీక్ష కూడా ముందుగా 2019 బ్యాచ్‌కే పెడతామన్నారు. కొత్త కళాశాల, కొత్త సిలబస్, కొత్త పరీక్ష, మూడూ ఒకే బ్యాచ్ నెత్తిన పడ్డాయి. 2023 జూన్‌లో నెక్స్ట్ నిబంధనలు వెలువడ్డాయి, జూలై 28న నమూనా పరీక్ష అని ప్రకటించారు, దేశవ్యాప్తంగా విద్యార్థులు అభ్యంతరం చెప్పిన తరువాత జూలై 13న దానిని వాయిదా వేశారు. నిబంధనలు రాసే గదిలో విద్యార్థి ఒక్కరున్నా ఆ రెండు వారాల గందరగోళం తప్పేదని నా అభిప్రాయం. మీరేమంటారు?

మన్యంకొండ (అసోసియేట్ ప్రొఫెసర్, ప్రభుత్వ వైద్య కళాశాల)

ప్రశ్న మంచిదే గాని, జవాబు అంత తేలిక కాదు. ఎంబీబీఎస్ నాలుగున్నర సంవత్సరాలు, ఆపై ఒక సంవత్సరం ఇంటర్న్‌షిప్. పాఠ్య ప్రణాళికలో ఒక మార్పు ఆలోచనగా మొదలై, ముసాయిదాగా మారి, అభ్యంతరాలు దాటి, గెజిట్‌లోకి వచ్చి, చివరకు మా తరగతి గదికి చేరేసరికి ఆ ప్రతినిధి పట్టా పుచ్చుకుని వెళ్లిపోతాడు. తనకు వర్తించని నియమం మీద అతడు అభిప్రాయం చెబుతాడు, వర్తించే విద్యార్థి అప్పటికి ఇంటర్మీడియట్ చదువుతూ ఉంటాడు. ఇది చిన్న అభ్యంతరం కాదు.

ఎన్నిక జరిగే తీరు మరొక చిక్కు. విద్యార్థి సంఘాల ఎన్నికలకు లింగ్డో కమిటీ 2006లో హద్దులు సూచించింది, సుప్రీంకోర్టు వాటిని ఆమోదించింది. అయినా మన కళాశాలల్లో ఎన్నిక అనగానే బయటి పార్టీల జెండాలు లోపలికి వస్తాయన్న భయం యాజమాన్యాలకూ తల్లిదండ్రులకూ పోలేదు. ఆ భయం పూర్తిగా అకారణమని నేను అనలేను.

పైగా విద్యార్థుల మాట వినడానికి కుర్చీ ఒక్కటే మార్గమా? వైద్య విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై కమిషన్ నియమించిన జాతీయ కార్యదళం 2024లో నివేదిక ఇచ్చింది. దాని ఆన్‌లైన్ సర్వేకు 25,590 మంది ఎంబీబీఎస్ విద్యార్థులు, 5,337 మంది పీజీ విద్యార్థులు సమాధానాలు ఇచ్చారు. ఒకే ఒక ప్రతినిధి చెప్పే మాట కంటే పాతిక వేల మంది చెప్పిన మాట బలమైనది కాదా?

దేవరకొండ దుర్గం (ఎంబీబీఎస్ మూడవ సంవత్సరం)

సార్, సర్వేలో మేము సమాధానాలు చెప్పాము. ప్రశ్నలు మాత్రం మేము రాయలేదు. మాకు తేడా అక్కడే కనిపిస్తోంది.

కళాశాల పేరు చెప్పకుండా మా దగ్గర అభిప్రాయ సేకరణ ఎలా జరుగుతుందో చెబుతాను. సెమిస్టర్ చివర సీఆర్ (తరగతి ప్రతినిధి) వాట్సాప్ గ్రూపులో గూగుల్ ఫారం లింకు పెడతారు. సాయంత్రం ఐదు లోగా నింపాలని దానికింద ఆదేశం ఉంటుంది. ఫారంలో మొట్టమొదటి గడి రోల్ నంబరు, అది నింపకపోతే తరువాతి పేజీ తెరుచుకోదు. బోధన ఎలా ఉంది, క్లినికల్ పోస్టింగ్ ఎలా ఉంది అని ఒక్కొక్క విభాగం గురించి ఐదు నక్షత్రాలతో అడుగుతారు. ఇంటర్నల్ మార్కులు వేసేదీ, లాగ్‌బుక్‌పై సంతకం పెట్టేదీ అదే విభాగం కనుక, అందరమూ నాలుగో ఐదో నక్షత్రాలు నొక్కి బయటపడతాము. ఆ ఫారాల సారాంశం రంగురంగుల పట్టికగా మారి తనిఖీ ఫైలులోకి వెళుతుంది. ఒక రోగి మంచం చుట్టూ పదిహేను మందిమి నిలబడితే వెనుక వరుసలోని వారికి రోగి పొట్ట కాదు, ముందున్నవారి ఆప్రాన్ మాత్రమే కనబడుతుందన్న సంగతి ఏ నక్షత్రంలో రాయాలి సార్?

మిర్యాలగూడ ప్రవాసి (రెసిడెంట్ వైద్యుడు, అమెరికా)

మిర్యాలగూడలో పదో తరగతి వరకు చదివి, తల్లిదండ్రులతో ఇక్కడికి వచ్చి, ఇక్కడే వైద్య విద్య పూర్తి చేశాను. ఉదయసముద్రం గారు చెప్పిన విద్యార్థి ప్రతినిధుల విభాగంలో మా కళాశాల తరఫున పని చేసిన అనుభవం ఉంది కనుక, అది లోపల ఎలా నడుస్తుందో కొంచెం వివరంగా రాస్తాను. బయటి నుంచి చూసేవారు దానిని మరీ గొప్పగానో మరీ తీసిపారేసినట్టుగానో ఊహించుకుంటారు.

గుర్తింపు పొందిన ప్రతి సభ్య కళాశాల నుంచి ప్రతినిధులు వెళతారు. ఎంపిక పద్ధతి కళాశాలను బట్టి మారుతుంది. కొన్ని చోట్ల తరగతి ఓటింగ్, కొన్ని చోట్ల విద్యార్థి మండలి ఎంపిక. దేశాన్ని ఈశాన్యం, దక్షిణం, మధ్యం, పశ్చిమం అని నాలుగు ప్రాంతాలుగా విభజించుకున్నారు. ప్రాంతీయ సమావేశాల్లో చర్చకు వచ్చిన విషయాలు జాతీయ సమావేశానికి చేరతాయి. సంఘం పాలక మండలిలోనూ విద్యార్థి కూర్చుంటాడు. మన్యంకొండ గారు అడిగిన కాలపరిమితి చిక్కుకు మా కళాశాలలో ఒక పరిష్కారం ఉండేది. మొదటి సంవత్సరంలోనే ఒకరిని ఎంచుకుని, చదువు పూర్తయ్యే వరకు కొనసాగనిచ్చేవారు. ఏటా ఒకరు చేరుతూ ఉండడం వల్ల పాతవారు కొత్తవారికి సంగతులు అప్పగించి వెళ్లేవారు. మనిషి మారినా ఫైలు మారదు. ప్రయాణ ఖర్చు మా కళాశాలే భరించేది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, ఖర్చు ఎవరికి వారే పెట్టుకోవాల్సి వస్తే డబ్బున్న ఇళ్ల పిల్లలే ప్రతినిధులవుతారు.

అయితే నా దృష్టిలో ఈ విభాగం కంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. ఇక్కడ వైద్య కళాశాలలకు గుర్తింపు ఇచ్చే సంస్థను ఎల్‌సీఎంఈ అంటారు. అందులో ఇద్దరు విద్యార్థి సభ్యులు ఉంటారు. గుర్తింపు తనిఖీ వచ్చినప్పుడు కళాశాల తన నివేదిక తాను రాసుకుంటుంది. దానికి తోడుగా విద్యార్థులు తమ సొంత సర్వే జరిపి, తామే విశ్లేషించి, తామే నివేదిక రాస్తారు. కళాశాల యాజమాన్యం అందులో ఒక్క వాక్యం కూడా దిద్దడానికి వీలులేదు. తనిఖీ బృందం రెండు నివేదికలనూ పక్కపక్కన పెట్టుకుని చదువుతుంది. దేవరకొండ దుర్గం గారు చెప్పిన గూగుల్ ఫారానికీ దీనికీ ఎంత దూరమో మీరే చూడండి.

నెక్స్ట్ విషయానికి దగ్గరగా ఉన్న ఉదాహరణ కూడా ఒకటి చెబుతాను. ఇక్కడి వైద్యుల లైసెన్సు పరీక్ష యూఎస్ఎంఎల్ఈ మొదటి అంచెలో అంకెల మార్కులు తీసేసి, ఉత్తీర్ణుడా కాదా అని మాత్రమే చెప్పాలా అన్న విషయంపై 2019 మార్చిలో ఒక సమావేశం పెట్టారు. దానికి విద్యార్థులనూ రెసిడెంట్లనూ పిలిచారు. నిర్ణయం 2020 ఫిబ్రవరిలో ప్రకటించారు, అమలు 2022 జనవరిలో మొదలైంది. విద్యార్థులందరూ ఒక్క మాట మీద లేరు. పేరున్న కళాశాలల వారు చాలా మంది మార్పు కోరుకున్నారు. పెద్దగా పేరు లేని కళాశాలల వారూ, మన దేశం నుంచి వచ్చేవారూ మంచి మార్కులే తమకున్న ఏకైక ఆధారమని భయపడ్డారు. ఏమైనా, నిర్ణయానికీ అమలుకూ మధ్య దాదాపు రెండేళ్ల వ్యవధి ఇచ్చారు.

జడ్చర్ల వకీలు (న్యాయవాది, మహబూబ్‌నగర్)

చట్టం ఏమంటుందో చూడకుండా డిమాండు రాస్తే అది బుట్టదాఖలవుతుంది కనుక కొన్ని సంగతులు చెబుతాను.

2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం ప్రకారం కమిషన్‌లో ఒక అధ్యక్షుడు, పదిమంది పదవీరీత్యా సభ్యులు, ఇరవై ఇద్దరు పార్ట్‌టైమ్ సభ్యులు ఉంటారు. ఆ ఇరవై ఇద్దరిలో ముగ్గురు న్యాయం, నిర్వహణ, వైద్య నీతి వంటి రంగాల నుంచి వస్తారు. పది మంది వైద్య సలహా మండలిలోని రాష్ట్రాల, కేంద్రపాలిత ప్రాంతాల ప్రతినిధుల నుంచి, తొమ్మిది మంది అదే మండలిలోని రాష్ట్ర వైద్య మండళ్ల ప్రతినిధుల నుంచి వంతుల వారీగా నియమితులవుతారు. ఇందులో విద్యార్థిని చేర్చాలంటే పార్లమెంటు చట్టాన్ని సవరించాలి. అది అసాధ్యం కాదు గాని, నల్లగొండ నుంచి వెళ్లే ఒక వినతిపత్రంతో జరిగే పని కాదు.

దాని కింద చాలా జాగా ఉంది. కమిషన్ నిపుణుల సలహా సంఘాలను ఏర్పాటు చేసుకోవచ్చునని చట్టమే చెబుతోంది. కమిషన్ కింద పనిచేసే నాలుగు స్వతంత్ర బోర్డుల్లో ఎంబీబీఎస్ చదువును చూసే బోర్డు ఒకటి, కళాశాలల తనిఖీ, రేటింగ్ చూసే బోర్డు మరొకటి. ఈ రెండింటి ఉపసంఘాలకు విద్యార్థులను ఆహ్వానితులుగా పిలవడానికి చట్ట సవరణ అక్కరలేదు. సంకల్పం ఉంటే చాలు.

మనకు అనుకూలమైన అంశం ఇంకొకటి ఉంది. 2023 సెప్టెంబర్‌లో మన కమిషన్‌కు ప్రపంచ వైద్య విద్యా సమాఖ్య పదేళ్ల గుర్తింపు ఇచ్చింది. మన పట్టాతో విదేశాల్లో పై చదువులకు, ప్రాక్టీసుకు వెళ్లేవారికి అది ఉపయోగపడుతుందని అప్పుడు బాగానే ప్రచారం జరిగింది. కళాశాల నిర్వహణలోనూ విద్యా కార్యక్రమాల్లోనూ విద్యార్థులను భాగస్వాములను చేసే, లేదా సంప్రదించే విధానం ప్రతి వైద్య కళాశాలకు ఉండాలని అదే సమాఖ్య ప్రమాణాల్లో ఉంది. గుర్తింపు ఫలాలు అందుకున్న కమిషన్ ఈ ప్రమాణం సంగతేమిటని అడిగితే, సమాధానం చెప్పక తప్పదు.

ర్యాగింగ్ నిరోధక కమిటీలో కొత్త విద్యార్థులకూ సీనియర్లకూ ప్రాతినిధ్యం ఉండాలని యూజీసీ నిబంధనలు 2009 నుంచే చెబుతున్నాయి. లైంగిక వేధింపుల అంతర్గత కమిటీలో, విద్యార్థుల ప్రమేయం ఉన్న కేసుల్లో, ఎన్నికైన ముగ్గురు విద్యార్థులు ఉండాలని 2015 నిబంధనలు చెబుతున్నాయి. తోటివాడి తప్పు మీద తీర్పు చెప్పడానికి పనికివచ్చిన విద్యార్థి, తన సిలబస్ మీద అభిప్రాయం చెప్పడానికి పనికిరాకుండా పోతాడా?

పిల్లలమర్రి (పదవీ విరమణ చేసిన సివిల్ సర్జన్, మహబూబ్‌నగర్)

మా రోజుల్లో ప్రొఫెసర్ గారి గది ముందు చెప్పుల చప్పుడు వినబడకుండా నడిచేవాళ్లం. అది మర్యాద అనుకున్నాం, ఎక్కువ భాగం భయమే.

1971 అనగానే ఒక విషయం తోచింది. అమెరికాలో రాజ్యాంగ సవరణతో ఓటు హక్కు వయసు పద్దెనిమిదికి తగ్గింది ఆ సంవత్సరమే. మన దేశంలో ఆ మార్పు 1989లో వచ్చింది. అంటే మన వైద్య విద్యార్థి నల్లగొండ ఎంపీని ఎన్నుకోవచ్చు, ఇంటర్నల్ పరీక్ష తేదీ ఎందుకు మారిందని మాత్రం అడగరాదు. నేను విద్యార్థుల పక్షమే. కాకపోతే ఎన్నికైన వాడు ఢిల్లీ వెళ్లి ఏం మాట్లాడాడో తిరిగి వచ్చి తరగతిలో చెప్పాలన్న షరతు మొదటే పెట్టండి. మా సంఘాల్లో నేను చూసినంత వరకు, వెళ్లినవారు ఫొటోతో తిరిగి వస్తారు, సమాచారంతో కాదు.

రాత్రి డ్యూటీ (పీజీ విద్యార్థి, వనపర్తి వాసి)

అందరూ పెద్ద మనసుతో మాట్లాడుతున్నారు గాని, ఇప్పుడు మాకున్న గొంతు సమ్మె ఒక్కటే అన్న సంగతి ఎవరూ చెప్పడం లేదు. 2024 జూన్‌లో తెలంగాణ జూడాలు (జూనియర్ డాక్టర్లు) సమ్మెకు దిగింది ప్రధానంగా స్టైపెండ్ నెలనెలా సకాలంలో రావాలని, దానికి గ్రీన్ చానల్, అంటే నిధులు ఎక్కడా ఆగకుండా విడుదలయ్యే ఏర్పాటు, కావాలని. చేసిన పనికి వేతనం తేదీకి ఇవ్వండని అడగడానికి ఓపీ బహిష్కరించవలసి వచ్చింది. వినతిపత్రాలకు ఎవరూ పలకరు, సమ్మె నోటీసు ఇచ్చిన మరునాడు చర్చలకు పిలుపు వస్తుంది. ఈ పద్ధతిని నేర్పింది మేము కాదు.

అందుకే ఓటు లేని కుర్చీ అంటే నాకు అనుమానం. సమావేశానికి ఒకరిని పిలుస్తారు, చివరి వరుసలో కూర్చోబెడతారు, టీ ఇస్తారు, మినిట్స్‌లో విద్యార్థులను సంప్రదించామని ఒక వాక్యం రాస్తారు. రేపు మేము అదే నిర్ణయాన్ని వ్యతిరేకిస్తే, మీ ప్రతినిధి ఒప్పుకున్నాడు కదా అని ఆ వాక్యం చూపిస్తారు. దానికంటే కుర్చీ లేకపోవడమే మేలు.

మిర్యాలగూడ ప్రవాసి

రాత్రి డ్యూటీ గారి అనుమానానికి ఇక్కడే ఆధారం ఉంది. రెసిడెన్సీ సీట్ల కేటాయింపు విధానం వల్ల తమ జీతాలు కృత్రిమంగా తక్కువగా ఉంటున్నాయని కొందరు యువ వైద్యులు 2002లో కోర్టుకు వెళ్లారు. ప్రతివాదుల్లో ఈ వైద్య కళాశాలల సంఘం కూడా ఉంది. కేసు నడుస్తుండగానే 2004లో అమెరికా చట్టసభ ఒక పింఛను బిల్లులో భాగంగా ఆ విధానానికి గుత్తాధిపత్య నిరోధక చట్టాల నుంచి రక్షణ కల్పించింది, కేసు కొట్టివేశారు. విద్యార్థి విభాగం ఏర్పడి అప్పటికి ముప్పై ఏళ్లు దాటింది. సంఘం తన సభ్య సంస్థల ప్రయోజనం వైపే నిలబడింది.

కనుక రెండు రకాల వేదికలు వేర్వేరుగా ఉండాలి. ఇక్కడ వైద్య విద్యార్థుల స్వతంత్ర సంఘం 1950లో వైద్యుల సంఘం నీడలో మొదలై 1967లో దాని నుంచి విడిపోయింది. సంస్థ లోపల కూర్చునే ప్రతినిధి ఒకరు, బయట నిలబడి నిలదీసే సంఘం మరొకటి. లోపలి మనిషికి కాగితాలు ముందే అందుతాయి, బయటి సంఘానికి గొంతు ఉంటుంది. ఒకదాని పని రెండవది చేయలేదు.

కల్వకుర్తి తండ్రి (ఉపాధ్యాయుడు)

నా కుమార్తె రెండవ సంవత్సరం చదువుతోంది. తను ప్రతినిధిగా నిలబడతానంటే నేను వద్దనే అంటాను. ఎందుకో పెద్దలందరికీ తెలుసు. వైవాలో (మౌఖిక పరీక్షలో) మార్కులు వేసే చేతులు కొన్నే ఉంటాయి. మాట్లాడిన పిల్లకు ఏ హానీ జరగదని మీలో ఎవరైనా రాసి ఇవ్వగలరా? అది లేకుండా 1971 ముచ్చట్లు ఎన్ని చెప్పినా మా వంటి ఇళ్ల నుంచి పిల్లలు ముందుకు రారు.

మన్యంకొండ

కల్వకుర్తి తండ్రి గారూ, రాసి ఇవ్వలేను. ప్రతినిధిగా ఉన్న విద్యార్థికి ఆ సంవత్సరం వైవా బయటి పరీక్షకుల సమక్షంలోనే జరగాలని, ఇంటర్నల్ మార్కులపై ఆ విద్యార్థికి అనుమానం ఉంటే మరొక విభాగం చూడాలని నియమం పెట్టవచ్చు. పూర్తి రక్షణ కాదు, కొంత రక్షణ.

గూగుల్ ఫారం విషయంలో దేవరకొండ దుర్గం చెప్పిన మాటకు నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే అనేక చోట్ల అలాగే జరుగుతోంది. అయితే నా సందేహం ఇప్పుడు మరో చోటికి మారింది. ఉమ్మడి పాలమూరు జిల్లాలో 2016కు ముందు ప్రభుత్వ వైద్య కళాశాలే లేదు. ఆ ఏడాది మహబూబ్‌నగర్‌లో వచ్చింది. 2022లో నాగర్‌కర్నూల్, వనపర్తి, 2024లో గద్వాల, నారాయణపేట వచ్చాయి. చివరి రెండూ 50 సీట్ల కళాశాలలు. దేశం మొత్తానికి ఇద్దరో ముగ్గురో విద్యార్థి ప్రతినిధులు అంటే, వారు ఢిల్లీ నుంచో ముంబయి నుంచో, నూరేళ్ల చరిత్ర ఉన్న కళాశాలల నుంచే వస్తారు. అధ్యాపకులు నిండుగా ఉన్న చోట చదివే విద్యార్థికీ, విభాగంలో సగం పోస్టులు ఖాళీగా ఉన్న చోట చదివే విద్యార్థికీ సమస్యలు ఒకటి కావు. గద్వాల విద్యార్థి మాట ఢిల్లీకి ఎలా చేరుతుందో చెప్పకుండా జాతీయ ప్రాతినిధ్యం అంటే, అది మళ్లీ పెద్ద కళాశాలలకే మరొక సౌకర్యం అవుతుంది.

దేవరకొండ దుర్గం

సార్, మీరు చెప్పిన ఈ చివరి మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. దానికి మా దగ్గర జరిగిన ఒక విషయం జోడిస్తాను.

కుటుంబ దత్తత కార్యక్రమంలో ప్రతి విద్యార్థికి కొన్ని కుటుంబాలు ఇస్తారు. గ్రామం ఏదన్నది కళాశాల నిర్ణయిస్తుంది. బస్సు తిరిగి రావడానికి వీలుగా ఉంటుందని మొదట పట్టణానికి ఆనుకుని ఉన్న గ్రామాన్నే ఎంపిక చేశారు. మా బ్యాచ్‌లో మర్రిగూడ మండలం అబ్బాయి ఒకడు ఉన్నాడు. ఫ్లోరోసిస్ గురించి పుస్తకంలో ఒక పేజీ చదివి, ఇంత దగ్గరలో ఉండి కూడా ఆ రోగిని చూడకుండానే పట్టా పుచ్చుకుంటామా అని అతడు పోస్టింగ్‌లో అడిగాడు. కమ్యూనిటీ మెడిసిన్ మేడమ్ విని ఊరుకోలేదు, ఒక సందర్శనను అటు మార్చారు. గడ్డం ఛాతీకి ఆనించమనడం, నడుము వంచి కాలి వేళ్లు అందుకోమనడం, చేతులు తల వెనుక కలపమనడం, ఈ మూడు చిన్న పరీక్షలు ఆ రోజు అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయన దగ్గర నేర్చుకున్నాము. ఆయన ఒక్కటి కూడా చేయలేకపోయారు. చేయలేకపోతున్నానని ఇబ్బంది పడి, పిల్లల ముందు నవ్వేశారు.

ఆ మార్పు మేడమ్ మంచితనం వల్ల జరిగింది. మేడమ్ బదిలీ అయితే మళ్లీ పాత గ్రామమే. అదే అబ్బాయికి కళాశాల పాఠ్య ప్రణాళిక కమిటీలో చోటు ఉండి, ఆ నిర్ణయం మినిట్స్‌లోకి ఎక్కి ఉంటే తరువాతి బ్యాచ్‌లకూ అది దక్కేది. నెక్స్ట్ వంటి వాటికి ఢిల్లీలో కుర్చీ కావాలి, ఇటువంటి వాటికి ప్రిన్సిపాల్ గారి గదిలో కుర్చీ కావాలి. రెండవది లేకుండా మొదటిది వస్తే అక్కడికి వెళ్లినవారికి చెప్పడానికి విషయమే ఉండదు.

ఉదయసముద్రం

ఇంతవరకు వచ్చిన మాటలను బట్టి ఒక ముసాయిదా తయారు చేశాను, దయచేసి దిద్దండి. ప్రతి కళాశాల పాఠ్య ప్రణాళిక కమిటీలో ఓటు హక్కుతో ఇద్దరు విద్యార్థులు ఉండాలని, వారిలో కనీసం ఒకరు మహిళ కావాలని, తరగతి రహస్య ఓటింగ్ ద్వారా మొదటి సంవత్సరంలోనే ఎన్నికై చదువు పూర్తయ్యే వరకు కొనసాగాలని రాశాను. కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధిలోని ప్రభుత్వ, ప్రైవేటు కళాశాలల ప్రతినిధులందరూ ఏడాదికి ఒకసారి వరంగల్‌లో కలవాలి. 2022 తరువాత వచ్చిన కళాశాలలకు అందులో ప్రత్యేకంగా కొన్ని స్థానాలు ఉండాలి. అక్కడ ఎన్నికైన వారిని రాష్ట్రం తరఫున కమిషన్ ఉపసంఘాలకు పంపాలి. ప్రయాణ ఖర్చు సంస్థ భరించాలి. తనిఖీ సమయంలో రోల్ నంబరు లేని విద్యార్థి నివేదిక నేరుగా రేటింగ్ బోర్డుకు వెళ్లాలి. తిరిగి వచ్చిన ప్రతినిధి పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా నివేదిక ఇవ్వాలి. ఇది పిల్లలమర్రి గారి షరతు.

మన్యంకొండ

విద్యార్థి నివేదిక నేరుగా వెళ్లడం వరకు సంతకం పెడతాను. కమిటీలో ఓటు దగ్గర మాత్రం ఆగుతాను. మొదటి రెండేళ్లు మాట్లాడే హక్కు, భిన్నాభిప్రాయం మినిట్స్‌లో నమోదు చేయించుకునే హక్కు ఇచ్చి చూద్దాం. పరీక్షల షెడ్యూలు, హాజరు శాతం వంటి వాటిపై ఓటు అంటే మా సహోద్యోగుల్లో సగం మంది ఆ కాగితాన్ని ముట్టుకోరు.

రాత్రి డ్యూటీ

రెండేళ్లు చూద్దాం అన్నవి మన రాష్ట్రంలో ఎన్నేళ్లు నడుస్తాయో అందరికీ తెలుసు. పదిహేను మంది కమిటీలో రెండు ఓట్లతో మేము ఏ నిర్ణయాన్నీ ఓడించలేము. అయినా భయపడుతున్నారంటే ఓటు విలువ ఏమిటో మీకే బాగా తెలుసు సార్. ఓటు తీసేస్తే నేను సంతకం పెట్టను.

జడ్చర్ల వకీలు

ఇద్దరూ సంతకం పెట్టగలిగే వాక్యం ఒకటి సూచిస్తాను. "బోధన, క్లినికల్ పోస్టింగులు, అభిప్రాయ సేకరణ పద్ధతి, కుటుంబ దత్తత గ్రామాల ఎంపికకు సంబంధించిన అంశాలపై విద్యార్థి సభ్యులకు ఓటు హక్కు ఉంటుంది. పరీక్షలు, హాజరుకు సంబంధించిన అంశాలపై వారి అభిప్రాయాన్ని రాతపూర్వకంగా నమోదు చేసి, దానిని అంగీకరించకపోతే కమిటీ కారణం రాయాలి." కారణం రాయాలన్న చివరి మాట తీసేయవద్దు. ఓటు కంటే కారణం రాయించడమే కొన్నిసార్లు కష్టమైన పని అని కోర్టుల్లో మేము రోజూ చూస్తున్నాము.

మన్యంకొండ

ఈ వాక్యానికి నాకు అభ్యంతరం లేదు. వచ్చే కమిటీ సమావేశంలో దీనితో పాటు రోల్ నంబరు గడి తొలగింపును కూడా అజెండాలో పెట్టమని ప్రిన్సిపాల్ గారికి లేఖ ఇస్తాను. ఇతర కళాశాలల అధ్యాపకులు ఎవరైనా ఇది చదువుతుంటే తమ కమిటీల్లో ఇదే చేయవచ్చు.

రాత్రి డ్యూటీ

కారణం రాయాలన్న మాట ఉన్నంత వరకు నాకు సరే. జూడాల గ్రూపులో ఈ రాత్రికి పెడతాను, పేర్లు రేపటికి వస్తాయి.

కల్వకుర్తి తండ్రి

వైవా, ఇంటర్నల్స్ గురించి మన్యంకొండ గారు చెప్పిన రక్షణ ముసాయిదాలో కనిపించలేదు. అది కూడా చేర్చి మళ్లీ పెట్టండి, అప్పుడు మా అమ్మాయికి చూపిస్తాను.